బండి మనది, పానా ఎవరిది?

(క్షేత్రస్థాయి మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో మూడో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



రెండు రోజులుగా ఇక్కడ గృహహింస చట్టం గురించి, ఆస్తిహక్కు గురించి, పనిచేసే చోట లైంగిక వేధింపుల గురించి మాట్లాడుకున్నాం. ఈ పొద్దున నన్ను స్పార్క్ ప్లగ్గు గురించి మాట్లాడమన్నారు. కార్యక్రమాల కాగితం చూసి ఒక అక్క, "ఇదేంటమ్మా, ఇప్పుడు మనల్ని మెకానిక్కుల్ని చేస్తారా?" అని నవ్వింది. నవ్వొచ్చే విషయమే. నేనూ మెకానిక్‌ని కాదు. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళు తిరుగుతున్న కార్యకర్తని. ఈ ముప్ఫై ఏళ్ళలో ఒక సెకండ్ హ్యాండ్ మోపెడ్, ఒక మోటార్ సైకిల్, రెండు స్కూటర్లు నా చేతిలో అరిగిపోయాయి. వాటి దగ్గర నేర్చుకున్నదే మీకు చెప్తాను.

ముందు ఒక రాత్రి గురించి చెప్పాలి. 1996, వానాకాలం. ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో పనిచేస్తున్నాను. సారా వ్యతిరేక ఉద్యమం వేడి ఇంకా పూర్తిగా చల్లారలేదు. ఊళ్ళలో ఆడవాళ్ళు ఏ కష్టం వచ్చినా మా దగ్గరికి కబురు పంపేవాళ్ళు. ఆ సాయంత్రం ఒక కుర్రాడు సైకిల్ మీద వచ్చి, తన స్నేహితుడి అక్కని అత్తవారింట్లో రెండు రోజులుగా గదిలో పెట్టి తాళం వేశారని, కొట్టారని చెప్పాడు. ఆ ఊరు మాకు 14 కిలోమీటర్లు. పోలీసు స్టేషన్‌కి ఫోన్ చేస్తే జీపులో డీజిల్ లేదన్నారు. 2005 నాటి గృహహింస చట్టం అప్పటికి లేదు, రక్షణాధికారి అనే మాటే లేదు. నేనూ, ఇంకో కార్యకర్తా మోపెడ్ మీద బయలుదేరాం. ఆరో ఏడో కిలోమీటరు దగ్గర బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పెడల్ తొక్కాం. కాళ్ళు పడిపోయేదాకా తొక్కాం. ట్యాంకు ఊపి చూశాం, పెట్రోలు ఉంది. అంతకు మించి మాకు ఏమీ తెలియదు. చుట్టూ చీకటి, ముసురు. ముందుకి తోసుకుంటూ పోవాలా, వెనక్కి పోవాలా అని తర్జనభర్జన పడి చివరికి వెనక్కే తోసుకొచ్చాం. ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. తెల్లారి తొమ్మిదింటికి మెకానిక్ షెడ్డు తీశాడు. అతను చేసిందల్లా ప్లగ్గు విప్పి, దాని మొనకి పట్టిన నల్లటి మసిని గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, మళ్ళీ బిగించడం. ఐదు నిమిషాలు. ఒక్క తొక్కుకి బండి స్టార్టయింది. "కార్బొరేటర్ పని చేశానక్కా" అని 60 రూపాయలు అడిగాడు. నాకప్పుడు నెలకి 800 రూపాయలు గౌరవవేతనం.

మేం వెళ్ళేసరికి పదకొండు. ఇంటికి తాళం. ఆ అమ్మాయిని రాత్రికి రాత్రి ఎక్కడో బంధువుల ఊరికి తరలించారు. ఆచూకీ తెలియడానికి 19 రోజులు పట్టింది. అప్పటికి ఒంటి మీద దెబ్బలు మానిపోయాయి. డాక్టరు రాయడానికి ఏమీ మిగల్లేదు. పెద్దమనుషులు రాజీ చేశారు. రెండేళ్ళ తర్వాత ఆ అమ్మాయి తనంతట తనే బయటికొచ్చి కుట్టుపని చేసుకుని నిలబడింది. అది ఆమె ధైర్యం, మా గొప్ప కాదు. ఆ రాత్రి మేం చేరి ఉంటే అంతా మారిపోయేదని నేను చెప్పలేను. కానీ చేరలేకపోవడానికి కారణం మాత్రం ఆ కాస్త మసి.

అప్పట్నుంచీ నాకు ఒక ప్రశ్న. అది మాకెందుకు తెలియదు? మోపెడ్ అంటే ఆడవాళ్ళకీ వీలైన బండి అని చెప్పి అమ్మారు. లూనా 1972లో వచ్చింది, టీవీయస్ 50 1980లో వచ్చింది. నడపడం నేర్చుకోవడానికే మన తరం ఇంట్లో యుద్ధం చేసింది. నడపడం వచ్చాక, ఇక మన పోరాటం అయిపోయిందనుకున్నాం. పెట్టె విప్పేది మాత్రం తమ్ముడో, భర్తో, షెడ్డులో అబ్బాయో. మా తమ్ముడికి పదేళ్ళప్పుడే సైకిలు చైను పడితే వేసుకోవడం వచ్చు. వాడికి ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. సాయంత్రాలు సైకిలు షాపు దగ్గర నిలబడేవాడు, చూశాడు, వచ్చింది. నేను అక్కడ నిలబడితే ఇంట్లో ఊరుకునేవాళ్ళా? శ్రమ విభజన గురించి మనం పెద్ద పెద్ద మాటలు మాట్లాడతాం గానీ, అది మొదలయ్యేది ఇలా ఒక షాపు ముందు ఎవరు నిలబడవచ్చు, ఎవరు నిలబడకూడదు అన్న దగ్గరే.

మనకి యంత్రాలు తెలియవు అనడం కూడా అబద్ధమే. పంపు స్టవ్వుకి పిన్ను కొట్టింది ఎవరు? బర్నరుకి పట్టిన మసి గీకింది, వాషరు ఎండిపోతే నూనె రాసి మళ్ళీ ఎక్కించింది ఎవరు? కుట్టుమిషను దారం తెగుతుంటే టెన్షన్ సరిచేసి, రెండు చుక్కలు నూనె వేసేది ఎవరు? పాత బండిలో కార్బొరేటరు జెట్టు అంటే స్టవ్వు నాజిల్ లాంటిదే. సన్నని రంధ్రం, అందులోంచి ఇంధనం, దానికి గాలి, ఆపైన నిప్పు. వంటింట్లో ఉన్నప్పుడు దాన్ని పని అన్నారు కానీ పనితనం అనలేదు. షెడ్డులోకి వెళ్ళగానే అది విద్య అయింది, దానికి కూలి వచ్చింది.

బండ్లు తయారుచేసేవాళ్ళకీ, చట్టం రాసేవాళ్ళకీ మనం ఎక్కడ కనిపించామో చెప్పనా? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చూడండి. వెనక కూర్చునేవాళ్ళకి పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాలు పెట్టుకోవడానికి ఆధారం ఉండాలి, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రం సగానికి తగ్గకుండా కప్పే ఏర్పాటు ఉండాలి అంటుంది. మనం చీర గార్డు అంటాం కదా, అది. మంచి నిబంధనే, ఎన్ని ప్రాణాలు కాపాడిందో. కానీ అందులో చీర కట్టుకున్న మనిషి వెనక సీట్లోనే ఉంది.

బయట జరిగిన రెండు పనులు గుర్తుచేస్తాను. ఒకటి తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో. 1990ల మొదట్లో అక్కడ అరివొళి ఇయక్కం అనే సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం, కలెక్టరు షీలారాణి చుంకత్ చొరవతో, ఆడవాళ్ళకి సైకిలు నేర్పడాన్ని కూడా చదువులో భాగం చేసింది. వేలాదిమంది పల్లె స్త్రీలు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళూ, పొలం కూలీలూ, సైకిలెక్కారు. ఊళ్ళో మగవాళ్ళు ఎన్ని మాటలన్నారో మనం ఊహించుకోగలం. రెండోది ఉత్తరప్రదేశ్ బాందా జిల్లాలో. మహిళా సమాఖ్య అక్కడ, అదీ 1990ల మొదట్లోనే, చదువురాని, ఎక్కువమంది దళిత కులాలకి చెందిన స్త్రీలకి బోరింగులు బాగుచేయడం నేర్పింది. నీళ్ళు మోసేది ఆడవాళ్ళు, బోరింగు పాడైతే నాలుగు మైళ్ళు నడిచేది ఆడవాళ్ళు, బాగుచేసేది మాత్రం ఎప్పుడో జిల్లా కేంద్రం నుంచి వచ్చే మగవాళ్ళు. పెద్ద పానాలు పట్టుకుని వాళ్ళే విప్పడం మొదలుపెట్టేసరికి ఎన్నో వారాలు ఎదురుచూసే పని ఒక్క పూటలో అయింది. ఆ పనిలోంచే వాళ్ళకి రాసుకోవాలన్న ఆశ పుట్టింది. ఆ జిల్లా నుంచే 'మహిళా డాకియా' అనే పత్రిక వచ్చింది.

బోరింగు విషయంలో ఇంకో సంగతి. ఇండియా మార్క్-2 బోరింగు గట్టిది, కానీ లోపల పని పడితే పైపులన్నీ పైకి లాగాలి. దానికి సరంజామా, మనుషులు కావాలి. తర్వాత వచ్చిన మార్క్-3లో పైపులు లాగకుండానే పిస్టన్ బయటికి తీయవచ్చు. అంటే బాగుచేయడం ఎవరికి చేతనవుతుంది అనేది మనిషి తెలివి మీదే కాదు, వస్తువు తయారుచేసినవాడి నిర్ణయం మీద కూడా ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇక నేను ఎలా నేర్చుకున్నానో. అదే ఊళ్ళో బస్టాండు వెనక ఇంకో ముసలి మెకానిక్ ఉండేవాడు. "అన్నా, నాకు నేర్పుతావా?" అంటే మొదట నవ్వాడు. "నువ్వు నేర్చుకుంటే నాకు బేరం ఎలాగమ్మా?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే. అతనూ రోజుకూలీ లాంటివాడే. "పెద్ద పనులన్నీ నీకే తెస్తాను, మా సంస్థ బండ్లన్నీ నీ దగ్గరికే పంపిస్తాను" అన్నాను. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు రమ్మన్నాడు. మొదటి వారం కిరసనాయిలులో పార్టులు కడగడమే. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఒకాయన ఏకంగా స్టూలేసుకుని కూర్చున్నాడు. ఎనిమిది మధ్యాహ్నాలు వెళ్ళాను. ప్లగ్గు, చైను, క్లచ్చు తీగ, పంక్చరు, ఆయిలు. అంతే.

ఆ షెడ్డులో పన్నెండేళ్ళ పిల్లాడొకడు ఉండేవాడు. నాకంటే వాడికి బాగా వచ్చు. 1986లో బాలకార్మిక చట్టం వచ్చినా షెడ్లలో వాళ్ళని చూసీ చూడనట్టు వదిలేశాం. 2016 సవరణ తర్వాత, ఇంటి వృత్తి లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, 14 ఏళ్ళలోపు పిల్లల్ని ఎక్కడా పనిలో పెట్టుకోకూడదు. బండి బాగుచేయించుకోవడానికి వెళ్ళినప్పుడు కూడా మనం కార్యకర్తలమే అని చెప్పడానికే ఈ మాట.

ఏవి మనం చేసుకోవాలి, ఏవి షాపుకి ఇవ్వాలి? నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోనివాళ్ళు మధ్యాహ్నం పోట్లాడండి.

టైర్లలో గాలి వారానికోసారి చూసుకోవాలి. ముందు చక్రానికి ఎంత, వెనక చక్రానికి ఎంత, ఇద్దరెక్కితే ఎంత అనేది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, చాలా బండ్లకి స్టిక్కరు మీద కూడా ఉంటుంది. బంకు కుర్రాడు అన్నిటికీ ఒకే లెక్క కొడతాడు, మనం నోరు తెరిచి అంకె చెప్పాలి. ఇంజనాయిలు పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి చూస్తే రెండు గీతల మధ్య ఉండాలి. బండి పెద్ద స్టాండు మీద, చదును నేల మీద ఉండాలి, లేకపోతే పుల్ల అబద్ధం చెప్తుంది. ఆయిలు తక్కువై ఇంజను పట్టేస్తే అయ్యే ఖర్చు మన రెండు నెలల జీతం. ఇది నేర్చుకోవడానికి పట్టేది రెండు నిమిషాలు.

మోటార్ సైకిలున్నవాళ్ళు చైను చూసుకోండి. కింది వైపు మధ్యలో వేలితో పైకీ కిందికీ ఊపితే సుమారు రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి. మరీ వదులైతే పడిపోతుంది, మరీ బిగువైతే తెగుతుంది, బేరింగులు తింటుంది. ఇంజను ఆపి ఉంచి మాత్రమే చైను ముట్టుకోండి. తిరుగుతున్న చైనుకి గుడ్డ అడ్డంపెట్టి తుడవబోయి వేళ్ళు పోగొట్టుకున్న మనుషులున్నారు. కొంగు, చున్నీ ముందే దోపుకోవాలి. గేర్లు లేని స్కూటర్లకి చైను ఉండదు, లోపల బెల్టు ఉంటుంది. దాని జోలికి పోవద్దు, పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకి షాపులో మార్పించండి.

ప్లగ్గు. ఇంజను చల్లారాక ప్లగ్గు పానాతో విప్పాలి. మొన గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ వెళుతున్నట్టు. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిలు లోపలికి వస్తున్నట్టు. మా మోపెడ్‌కి పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. బంకులో ఎక్కువ కలిపి పోశారు, అందుకే ఆ మసి. అది తెలిసుంటే ఆ రాత్రికి ముందే మేలుకునేవాళ్ళం. తిరిగి బిగించేటప్పుడు మొదట చేత్తోనే మరలు కలపండి, చివర్లో మాత్రమే పానా వాడండి. అడ్డంగా ఎక్కిస్తే హెడ్డులో మర పోతుంది, అది పెద్ద ఖర్చు. వానలో బండి ఆగితే ముందు ప్లగ్గు టోపీ తీసి ఆరబెట్టండి. సగం జబ్బులు అక్కడే పోతాయి. సీటు కింద ఒక కొత్త ప్లగ్గు, పానా, టార్చి, రెండు ఫ్యూజులు, పాత గుడ్డ ఉంచుకోండి. ట్యూబు లేని టైర్లున్నవాళ్ళు పంక్చరు కిట్టు కూడా. మేకు పీకి, రంధ్రం గరుకు చేసి, జిగురు పుల్ల దూర్చడం పదిహేను నిమిషాల పని.

బ్రేకుల దగ్గర నేను కాస్త కఠినంగా ఉంటాను. డ్రమ్ము బ్రేకుకి వెనక నట్టు తిప్పి వదులు తగ్గించుకోవడం నేర్చుకోవచ్చు. తిప్పాక చక్రం చేత్తో తిప్పి చూడాలి, పట్టుకోకుండా తిరగాలి. అంతవరకే. డిస్కు బ్రేకు, దాని ద్రవం, 2019 నుంచి కొత్త బండ్లన్నిటికీ తప్పనిసరైన సీబీయస్, ఏబీయస్ ఏర్పాట్లు, ఇవి షాపువే. ఆత్మవిశ్వాసం మంచిదే కానీ బ్రేకు దగ్గర తప్పు చేస్తే దిద్దుకోవడానికి సమయముండదు.

ఇంకొకటి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీయస్-6 ప్రమాణాలు వచ్చాయి. కొత్త బండ్లలో కార్బొరేటరు పోయి ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. పొగ తగ్గింది, సంతోషం. కానీ జబ్బు తెలుసుకోవడానికి యంత్రం తగిలించాలి. అది కంపెనీ షాపులోనే ఎక్కువగా ఉంటుంది. బస్టాండు వెనక ముసలన్న లాంటివాళ్ళు వీధిన పడుతున్నారు. ఎలక్ట్రిక్ బండ్లలో ఇది ఇంకా ఎక్కువ, చాలావాటిని తాళం వేసిన పెట్టెల్లా తయారుచేస్తున్నారు. వాటి బ్యాటరీని మీరు విప్పకండి, ప్రమాదం. కానీ బోరింగు గురించి నేను చెప్పిన మాట ఇక్కడ గుర్తుచేసుకోండి. బాగుచేసుకునే హక్కు గురించి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో ఒక కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ మొదలుపెట్టింది. అందులో వాహనాలూ ఉన్నాయి. మన సంఘాలు దీన్ని పట్టణాల్లో చదువుకున్నవాళ్ళ గొడవ అని వదిలేశాయి. నా దృష్టిలో అది పొరపాటు.

షాపుకి వెళ్ళడం తప్పేమీ కాదు. తెలిసి వెళ్ళడం వేరు, తెలియక వెళ్ళడం వేరు. "ఏదో శబ్దం వస్తోందన్నా" అని చేతులు కట్టుకుని నిలబడితే బిల్లు ఒక రకంగా వస్తుంది. "బ్రేకు నొక్కినప్పుడు వెనక చక్రం దగ్గర గీకుడు వస్తోంది, షూలు చూడు" అంటే ఇంకో రకంగా వస్తుంది. ఏ పార్టు మార్చావు, పాతది ఏది, బిల్లు ఇవ్వు. ఈ మూడూ అడగండి. వారంటీ ఉన్నన్నాళ్ళు సర్వీసులు కంపెనీ చెప్పినచోటే చేయించి, పుస్తకంలో ముద్ర వేయించుకోండి. మోసపోతే 1915కి ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, విలువ 5 లక్షల లోపైతే రుసుము లేదు. బిల్లు లేకపోతే మాత్రం ఇవన్నీ వట్టి మాటలే.

సంస్థలు నడిపేవాళ్ళు ఇక్కడ కొందరున్నారు కాబట్టి కాస్త చేదు మాట. బడ్జెట్టులో పెట్రోలుకి కిలోమీటరుకింత అని రాస్తారు. టైర్లకీ, ఆయిలుకీ ఎవరు ఇస్తారు? కార్యకర్త జీతంలోంచే పోతుంది. కొత్త బండి వస్తే మగ కార్యకర్తకి, పాతది ఆడ కార్యకర్తకి. "మీరు దగ్గరి ఊళ్ళే కదా తిరుగుతారు" అంటారు. బస్సులు ఉచితమయ్యాయి, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి. మంచిదే, నేనూ ఎక్కుతున్నాను. కానీ మన కేసులు బస్సు వేళలు చూసి రావు. రాత్రి ఎనిమిదింటికి తండాకి పోవాలంటే బండే గతి.

నిన్న రాత్రి పడుకునేముందు ఒక చెల్లెలు నాతో అన్న మాట దాచను. "అక్కా, ఇంట్లో వంట నాదే, పిల్లలు నాదే, రిపోర్టులు నావే. ఇప్పుడు బండి కూడా నేనే తుడుచుకోవాలా? కనీసం అది ఆయన చేస్తున్నాడు, చెయ్యనీ" అంది. ఆ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆయన చేస్తానంటే చెయ్యనివ్వు. ఆయన ఇంట్లో అలిగిన రోజున, లేదా బండి తాళాలు ఇవ్వనన్న రోజున, లేదా నువ్వు ఆయన మీదే కేసు పెట్టాల్సి వచ్చిన రోజున బండి ఎవరు తీస్తారు? ఆ చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ప్లగ్గు పానా ఎంతవుతుంది?" అని అడిగింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చింతచెట్టు కింద కలుద్దాం. మనవాళ్ళ బండ్లు 11 ఉన్నాయి, లెక్కపెట్టాను. పాత గుడ్డలు, గరుకు కాగితం తెచ్చాను. సబ్బు కూడా ఉంది. మసి అంత తొందరగా పోదు, గోళ్ళ సందుల్లో రెండు రోజులుంటుంది. మొదట నా స్కూటరే విప్పుతాం, పాడైతే నాదే పాడవుతుంది. తర్వాత ఎవరిది అన్నది మీరే తేల్చుకుని రండి.